నాంపల్లిలో ఉండిపోయిన నా గొంతు

మా తమ్ముడికి తెరిచి ఉన్న తలుపంటే పడదు. ఇంటి తలుపు కాదు, కంప్యూటర్ తలుపు. ఇంట్లో అయితే వీధి తలుపు బార్లా తీసిపెట్టి, గేటు గడియ కూడా వేయకుండా ఆఫీసుకు వెళ్లిపోయే మనిషే. బషీర్‌బాగ్‌లో వాడి ఆఫీసు. అక్కడ వాడు చేసే పనేమిటో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. అడిగితే “హార్డెనింగ్ అక్కా, సిస్టమ్‌ని గట్టిపరచడం” అనేవాడు. సున్నుండ గట్టిపడితే తినలేం కదరా అనేదాన్ని నేను. నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు ఇడ్లీలు తింటూ విడమరిచి చెప్పాడు. కొత్తగా సిస్టమ్ పెట్టుకున్నప్పుడు అందరి సౌకర్యం కోసమూ బోలెడు తలుపులతో వస్తుందట. దూరం నుంచి లోపలికి రావడానికి ఒకటి, ఫైళ్లు పంచుకోవడానికి ఒకటి, ప్రింటింగుకు ఒకటి. మనకు అక్కర్లేనివన్నీ మూసేయాలి. కావాల్సిన వాటి దగ్గర కాపలా పెట్టాలి. ఎవరికి ఏ గదితో పని ఉందో వాళ్లను ఆ గదిలోకే పోనివ్వాలి. వాడు వాడేది లినక్స్. ఉచితంగా దొరుకుతుంది, దాని లోపలి రాతంతా ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. “మరి దొంగ కూడా చదువుకుంటాడుగా?” అన్నాను. “చదువుకోనీ. తాళం ఎలా చేశారో ఊరందరికీ తెలిసినా చెవి లేకుండా తెరుచుకోకూడదు. అదీ అసలైన తాళం” అన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది. ఎందుకు నచ్చిందా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా తాతగారు రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో గుంటూరు వైపు నుంచి గుమాస్తాగా ఇక్కడికి వచ్చారు. హిమాయత్‌నగర్‌లో మా నాన్న కట్టిన ఇంట్లో కింద నేను, పైన తమ్ముడి కుటుంబం. నేను పెళ్లి చేసుకోలేదు. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నాకంటూ మిగిలిన ఆస్తి గొంతొక్కటే అని నేనే హాస్యానికి అంటుండేదాన్ని. నా గొంతు బాగుండేది. నేనే చెప్పుకుంటున్నానని అనుకోకండి, ఇక ఎవరూ చెప్పే అవకాశం లేదు కాబట్టి చెబుతున్నాను. చివరి బెంచీ పిల్లాడి నిద్ర వదిలేటట్టు ఉండేది, వాడికి కోపం రాకుండా కూడా ఉండేది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, సూట్‌కేసుల దుకాణం పైన, చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న లైబ్రరీ ఉంది. రిటైరైనప్పటి నుంచి అక్కడ చదవడం నా పని. చెక్క గోడలకు పాత బొంతలు కొట్టి చేసిన గదిలో కూర్చుని రాజ్యాంగం చదివాను, చరిత్ర చదివాను, డిగ్రీ పాఠాలు, కథలు, వంటల పుస్తకాలు కూడా చదివాను. బొంతలు ఎన్ని కొట్టినా స్టేషన్‌లో రైళ్ల అనౌన్స్‌మెంటు దూరివచ్చేది. అది రాగానే వాక్యం మధ్యలో ఆగి, అయిపోయాక అక్కడి నుంచే అందుకునేదాన్ని. నా చదువులో ఆ విరామాలన్నీ అలాగే ఉంటాయి.

ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఆపకుండా పోనిస్తున్న కండక్టర్‌ని నిలబెట్టి కడిగేస్తున్నాను. పక్కన తెల్లకర్ర పట్టుకున్న కుర్రాడు ఠక్కున ఇటు తిరిగి, “మేడమ్, ప్రాథమిక హక్కులు చదివింది మీరే కదా?” అన్నాడు. నేను ఎప్పుడూ చూడని పిల్లాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట తమ్ముడికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

లైబ్రరీని నడిపే కార్యదర్శిని అందరం సార్ అనే పిలుస్తాం. పాత హైదరాబాదీ కుటుంబం, సంగీతం మాస్టారుగా చేశారు, పుట్టుకతోనే చూపులేదు. ఆయనకు తోడు ఆయమ్మ. ఊడ్చేదీ, టీ పెట్టేదీ, రికార్డింగు గదిలో ఫ్యాను ఆపమని నన్ను కసిరేదీ ఆవిడే. మేం చదివిందంతా మూలనున్న ఒక సర్వర్‌లోకి వెళ్లేది. సర్వర్ అని తమ్ముడు అంటాడు, ఆయమ్మ దాన్ని డబ్బా అంటుంది. నేనూ డబ్బానే అంటాను.

లైబ్రరీ పక్క సందులో పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సు ఒకటుంది. ఒకరోజు వాళ్ల కంప్యూటర్లలోని ఫైళ్లన్నిటికీ ఎవరో దూరాన కూర్చుని తాళం వేసేశారు. డబ్బిస్తేనే తీస్తామన్నారు. ప్రెస్సాయన స్టూలు వేసుకుని బయట కూర్చుని వచ్చేపోయే వాళ్లను చూస్తూ ఉన్నాడు, లోపల చేయడానికి పనేమీ లేక. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన తమ్ముడు ఆయనతో కాసేపు మాట్లాడాడు. మెట్లెక్కి పైకి వచ్చేసరికి మొహం మారిపోయి ఉంది.

“సార్, మీ మిషన్‌లోకి ఎవడైనా దూరొచ్చు. అన్నీ తలుపులే” అన్నాడు.

“మా తాన ఏమున్నది బాబూ, దోసుకపోనీకి? మాటలే కద” అన్నారు సార్.

“ఆ మాటలు పోతేనో?”

సార్ డబ్బా ఉన్న మూలకు మొహం తిప్పారు. “ఔ. గట్లైతే చేయండ్రి. మంచిగ బందోబస్తు చేయండ్రి” అన్నారు.

ఇక ఆదివారాలన్నీ వాడు అక్కడే. బయట ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల వాళ్లు అరుస్తుంటే వీడు లోపల ఒక్కో తలుపూ మూసుకుంటూ పోయాడు. పెన్‌డ్రైవు పెడితే డబ్బా పట్టించుకోదు. చూపులేని పిల్లలు ఇంటి దగ్గర ఫోన్‌లో వినొచ్చు, దించుకోవడానికి లేదు. పుస్తకాలు రాసినవాళ్లు చూపులేనివాళ్ల కోసమే అనుమతిచ్చారు గనక అవి బయటకు పాకకూడదని సార్ కూడా దానికి సరేనన్నారు. చివరికి డిస్కు మీద ఉన్నదంతా ఎవరికీ అర్థంకాకుండా గిలకొట్టి దాచే ఏర్పాటు చేశాడు. డిస్కు ఎత్తుకుపోయినా దొంగకు రొద తప్ప ఏమీ దొరకదట.

దాన్ని తెరిచే చెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర వాడు ఆలోచించాడు. సార్ తెర చూడలేరు. ఆయమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకని ఎవరూ ఏమీ టైపు చేయనక్కర్లేకుండా, డబ్బా లోపలే ఉన్న ఒక చిప్‌కు చెవి అప్పగించాడు. డబ్బాకు కరెంటు రాగానే ఆ చిప్ చుట్టూ చూసుకుంటుంది. ఇది ఆ మిషనే, ఏ సెట్టింగూ మారలేదు, ఎవరూ చెయ్యి పెట్టలేదు అనిపిస్తే చెవి ఇస్తుంది. ఏ కొంచెం తేడా ఉన్నా నోరు మూసుకుంటుంది. అప్పుడు వాడటానికి పాస్‌వర్డు లాంటి, చాంతాడంత పొడుగు అత్యవసరపు మాట ఒకటి ఉంటుంది. దాన్ని వాడు తన తాళంచెవులన్నీ దాచుకునే ఒక ఫైల్లో పెట్టుకున్నాడు.

“తలుపులేయరా అంటే గోడలు కట్టి కూర్చున్నావు కదరా” అన్నాను.

“గోడలుంటేనే ఇల్లక్కా” అన్నాడు. పాపం, ఎంత మురిసిపోయాడో.

వానాకాలంలో ఒకరోజు నేను చదవడం ముగించి బయటికి రాగానే సార్ నన్ను కూర్చోమన్నారు.

“టీచరమ్మా, ఏమనుకోవద్దు. ఈ నడుమ మీ గొంతుల ఏదో రాపిడి ఇనవడుతున్నది.”

“వానలు కదా సార్, జలుబు.”

“జలుబు కాదమ్మా. జలుబు ముక్కుల ఉంటది. గిది కిందికెల్లి వస్తున్నది. జర దవాఖానకు పోయి సూపించుకోండ్రి.”

నాకు కోపం వచ్చింది. నా గొంతులో తప్పు పట్టే మనిషి పుట్టలేదని అనుకునే రోజులవి. అయినా ఆయన చెవి మీద నాకు గురి. తమ్ముడు ఆ వారమే తీసుకెళ్లాడు. సన్నటి గొట్టం లోపలికి పంపి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరు చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, తమ్ముడి మొహం చూశారు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, దసరా వెళ్లగానే ఆపరేషన్ పెట్టుకుందాం అన్నారు. ప్రాణానికి భయం లేదట. మాట్లాడటం మాత్రం ఉండదట. “మాత్రం” అన్న మాట వాడారు ఆయన. నేను ఇంటికొచ్చి గుడ్లనీళ్లు కుక్కుకుంటూ వంకాయలు తరిగాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. చిన్న పిల్ల. ఆ పిల్లే ఒక దారి చెప్పింది. “మీ పాత రికార్డింగులు ఏమైనా ఉంటే తెండి ఆంటీ. శుభ్రంగా, ఏ చప్పుడూ లేనివి. వాటిని నేర్చుకుని టాబ్లెట్ అచ్చం మీలాగే మాట్లాడుతుంది. మీరు టైపు చేస్తే చాలు. ఏమీ దొరక్కపోతే ఇప్పటి గొంతైనా రికార్డు చేద్దాం.”

నాకు ఆ నెలలో మొదటిసారి నవ్వొచ్చింది. నా రికార్డింగులా? రోజుల తరబడి ఆగకుండా మోగించినా తరగనంత నా గొంతు నాంపల్లిలో ఉంది. అప్పటికే నా మాట బొంగురుపోయి, వాక్యం చివరికి వచ్చేసరికి గాలి మాత్రమే వస్తోంది. ఈ గొంతు నాది కాదమ్మా, నా గొంతు వేరే చోట భద్రంగా ఉంది అన్నాను ఆ పిల్లతో.

తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఎక్కడికీ పోదక్కా. దేశంలో ఇంత భద్రంగా ఉన్న గొంతు ఇంకోటి లేదు. పండగ కాగానే నేనే కాపీ చేసి తెస్తాను” అన్నాడు. ఆ ధైర్యంతోనే నేను పండగకు గారెలు కూడా వండాను.

ఆయుధపూజ రోజు లైబ్రరీలో ఆయమ్మదే రాజ్యం. మైకులు, హెడ్‌ఫోన్లు, సార్ బ్రెయిలీ టైపు మిషను, అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. పూజ అందుకున్న పనిముట్టుకు విశ్రాంతి ఇవ్వాలి, పండగ వెళ్లేదాకా ముట్టకూడదు. అది ఆవిడ పట్టింపు. డబ్బా గట్టిపడ్డాక వచ్చిన మొదటి దసరా అది. అందుకే ఆవిడ ముందుగా మా తమ్ముడికి ఫోన్ చేసి అడిగింది కూడా.

“సారూ, డబ్బ బందు చేసి తుడువొచ్చునా?”

“చేయండి ఆయమ్మా, ఏం కాదు. మళ్లీ స్విచ్చేస్తే దానంతటదే లేస్తుంది” అన్నాడు వీడు.

ఆవిడ ఆపింది. ప్లగ్గు కూడా పీకి, వెనకాల దుమ్మంతా దులిపి, బొట్టు పెట్టి, దండ వేసి, నిమ్మకాయ కోసి అటూ ఇటూ పెట్టింది. తాళం వేసి కూతురింటికి వెళ్లింది. సెలవులన్నాళ్లూ డబ్బా అలా దేవుడిలా కూర్చుంది. దాని లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుందట. కరెంటు లేనప్పుడు సెట్టింగులు మరిచిపోకుండా చూసేది అదే. కరెంటు ఎప్పుడూ ఉండేది కాబట్టి అది ఎప్పుడో చచ్చిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. ప్లగ్గు పీకిన ఆ సెలవుల్లో డబ్బా తన సెట్టింగులన్నీ మరిచిపోయింది.

పండగ వెళ్లాక నేనూ తమ్ముడూ వెళ్లాం. ఆయమ్మ దండ తీసి కళ్లకద్దుకుని స్విచ్చేసింది. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చి నిలబడింది. తాళంచెవి ఇవ్వమంటోంది. చిప్ తన చుట్టూ చూసుకుని, ఇది నేనెరిగిన మిషను కాదనుకుందన్నమాట.

తమ్ముడు మొదట కంగారు పడలేదు. “అత్యవసరపు మాట ఉందిగా” అని తన ల్యాప్‌టాప్ తీశాడు. తీసి, మూత తెరిచి, అలాగే కూర్చున్నాడు.

“ఏంట్రా?”

“ఇది కొత్త ల్యాప్‌టాప్ అక్కా. ఆఫీసులో భద్రత కోసమని అందరివీ మార్చారు. పాతవి పూర్తిగా చెరిపేశారు.”

“నీ చెవుల ఫైలుకు ఇంకో కాపీ లేదా?”

“ఉంది.” వాడు డబ్బా వైపు వేలు చూపించాడు. “ఇందులోనే ఉంది. ఇంతకన్నా భద్రమైన చోటు లేదని ఇందులో పెట్టాను.”

డబ్బాకు నకలుగా ఇంకో డిస్కు ఇంట్లో వాడి బీరువాలో ఉంది. దానికీ తాళం ఉంది. దాని చెవి కూడా ఆ ఫైల్లోనే ఉంది. తాళం వేశాను గొళ్లెం మరిచాను అంటారు. మావాడు గొళ్లెం మరవలేదు, తాళం మరవలేదు. చెవిని పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు ప్రపంచంలో ఎవడూ తీయలేని తాళం వేశాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. వాడు ఆఫీసుకు సెలవు పెట్టి కొత్త బ్యాటరీ వేశాడు. సెట్టింగులన్నీ గుర్తు తెచ్చుకుని ఒక్కోటీ మునుపటిలా పెట్టి చూశాడు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా చిప్ ఒప్పుకోదు. తేడా ఎక్కడుందో చెప్పనూ చెప్పదు. ఆ సిస్టమ్ తయారుచేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు కదా, వాళ్లు మాట్లాడుకునే చోట ఇంటర్నెట్‌లో రాశాడు. ఎక్కడెక్కడి వాళ్లో ఓపిగ్గా జవాబులిచ్చారు. చివరికి ఒకాయన, మీ సిస్టమ్‌లో లోపం ఏమీ లేదు, అది చేయాల్సిన పనే చేస్తోంది అని తేల్చాడు. ఆ జవాబు తమ్ముడు నాకు చదివి వినిపించి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

ఆబిడ్స్‌లో పోయిన ఫైళ్లు తీసిచ్చే దుకాణం ఉందంటే డిస్కు పట్టుకుని అక్కడికీ వెళ్లాం. కౌంటర్ దగ్గరున్నాయన సాయంత్రం దాకా చూసి వెనక్కిచ్చాడు. “డిస్కు బేషుగ్గ ఉన్నదన్నా. ఖరాబు లేదు. అన్ని అండ్లనే ఉన్నయి, గాని ఒక్క అక్షరం సదవనీకి రాదు. ఎవరు చేసిన్రో గాని పక్కాగ చేసిన్రు” అన్నాడు. తమ్ముడు ఆ దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాడు. వాడి పనిని అంత బాగా మెచ్చుకున్న మనిషి అంతకుముందు లేడు.

వేరే దారులూ చూశాం. ఇంట్లో పెళ్లిళ్ల వీడియోలు ఉన్నాయి, అందులో నా మాట బాజాల కింద ఎక్కడో వినపడీ వినపడనట్టు ఉంది. ఫోన్‌లో మాట్లాడి పంపే అలవాటు నాకు లేదు, అది సోమరిపోతుల పని అనేదాన్ని. తాళాలు వేయకముందు నా పాఠాలు దించుకున్న పిల్లలకు సార్ ఫోన్లు చేయించారు. పరీక్షలు అవగానే ఫోన్‌లో చోటు లేక తీసేశామని అందరూ బాధపడ్డారు. సార్ ఒక్కసారి కూడా లైబ్రరీకి జరిగిన నష్టం గురించి నా దగ్గర ఎత్తలేదు. “మీ గొంతు నా చెవులల్ల ఉన్నది టీచరమ్మా. ఏం చెయ్యను, తీసియ్యనీకి రాదు” అన్నారు ఒకరోజు. నేను రికార్డింగు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ఆయమ్మ అయితే నా చేతులు పట్టుకుని ఏడ్చింది. “నేనే పాపం చేసిన్నమ్మా. మొక్కినందుకు గిట్లయితదా?” అని. నీ తప్పు కాదు ఆయమ్మా అన్నాను. అన్నానే గానీ, ఆ రోజుల్లో నాకు ఎవరి మీద జాలి లేదు. రోజూ వెళ్లి ఆ డబ్బా ముందు కూర్చునేదాన్ని. ఆ రేకు వెనకాల నేను రాజ్యాంగం చదువుతున్నాను, రైలు అనౌన్స్‌మెంటుకు ఆగుతున్నాను, మళ్లీ అందుకుంటున్నాను. చెయ్యి పెడితే రేకు వెచ్చగా ఉండేది. నాది నాకు ఇవ్వదు. ఎవరినన్నా చంపాలన్నంత ఉక్రోషం వచ్చేది, మళ్లీ నీరసంతో ఏడుపొచ్చేది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో అది రెండుచోట్లా జరిగింది, ఒంట్లోనూ, డబ్బాలోనూ.

తమ్ముడు ప్రతి పొద్దునా అదే అడిగేవాడు. “ఇప్పటి గొంతైనా రికార్డు చేద్దామక్కా. ఒక్క గంట. ఏదో ఒకటి చదువు.” నేను తల అడ్డంగా ఊపేదాన్ని. చిరిగిన చీర కట్టించి ఫోటో తీస్తానంటే ఎవరు నిలబడతారు? ఈ గరగరను జీవితాంతం నా గొంతని చెప్పి తిరగమంటాడా? చచ్చినా చదవనన్నాను.

ఆసుపత్రిలో చేరాల్సిన ముందురోజు మధ్యాహ్నం వాడు డబ్బా పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది. రికార్డింగు గదిలోకి రమ్మని నన్ను పిలిచి, తలుపు వేసి, “ఇక లాభం లేదక్కా. అది తెరుచుకోదు” అన్నాడు.

అప్పటిదాకా బిగబట్టిందంతా నాలో తెగిపోయింది.

“తెరుచుకోదా? ఒరేయ్, నీకు ఎక్కాలు నేర్పిన గొంతురా అది! నీకు జ్వరమొస్తే పక్కన కూర్చుని కథలు చెప్పింది. దొంగలు, దొంగలు అని ఊరంతా వెతికావు కదరా, ఎవడొచ్చాడు? ఏ దొంగ వచ్చాడు? నా నోట్లోంచి మాట ఎత్తుకుపోయిన దొంగవి నువ్వు కాదుట్రా? ఇంటి గేటు వేయడం చేతకాదు, నా గొంతుకు తాళమేస్తావా?”

ప్రతి వాక్యం చివరా గొంతు చీలిపోతోంది. దగ్గొస్తోంది. అయినా ఆగలేదు. చిన్నప్పుడు వాడు నా పెన్ను పాళీ విరిచిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. అమ్మ పోయినప్పుడు వాడు ఊళ్లో లేకపోవడం, నా పెళ్లి మాట ఎవరూ గట్టిగా ఎత్తకపోవడం, వాడి భార్య ఎప్పుడో అన్న మాట, అన్నీ తవ్వి పోశాను. వాడు తల వంచుకుని విన్నాడు. నేను ఆయాసంతో ఆగినప్పుడల్లా నెమ్మదిగా, “ఇంకా అనక్కా” అన్నాడు. వాడు పశ్చాత్తాపపడుతున్నాడు అనుకుని నేను ఇంకా రెచ్చిపోయాను. స్టేషన్‌లో అనౌన్స్‌మెంటు వచ్చింది. అలవాటు చొప్పున ఆగాను. అయిపోగానే ఆపిన చోట నుంచే తిట్టడం అందుకున్నాను.

అవే నేను నోటితో మాట్లాడిన చివరి మాటలు. మర్నాడు ఆసుపత్రిలో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఆపరేషన్ అయ్యాక మెడకు రంధ్రం, చేతిలో పలక. ఏడిస్తే చప్పుడు రాదని అప్పుడు తెలిసింది. కొన్నాళ్లకు మాట నేర్పే అమ్మాయి టాబ్లెట్ ఇచ్చి, అందులో తయారుగా ఉన్న గొంతు ఒకటి పెట్టింది. తియ్యటి గొంతు. రైలు ఆలస్యమైనందుకు చింతిస్తున్నాము అనే ఆడమనిషి గొంతులా ఉంటుంది. ఒంట్లో కాస్త ఓపిక రాగానే తమ్ముడు నన్ను నాంపల్లికి తీసుకెళ్లాడు. సార్ ఎదురుగా నిలబడి, “నమస్కారం సార్, బాగున్నారా?” అని టైపు చేశాను.

సార్ మర్యాదగా తలెత్తి, “ఎవరమ్మా మీరు? ఏ పుస్తకం కావాలె?” అన్నారు.

ఆయమ్మ గబగబా వచ్చి, టీచరమ్మ సారూ, మన టీచరమ్మ అంది. సార్ నిలబడి చేతులు జోడించి క్షమించమన్నారు. నేను గోడకు తిరిగి నిలబడ్డాను. ఆయనకు నేను ఎప్పుడూ గొంతుగానే తెలుసు. ఆ గొంతు లేకపోతే ఆయన లెక్కలో నేను ఎవరినీ కాను. అది ఆయన తప్పు కాదు. కానీ అంత ఒంటరితనం నాకు ఆపరేషన్ బల్ల మీద కూడా తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తమ్ముడు రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. “అక్కా, ఆ రోజు నువ్వు తిట్టినప్పుడు నా ఫోన్ ఒళ్లో ఉంది. రికార్డింగ్ ఆన్ చేసి ఉంచాను. చదవమంటే నువ్వు చదవవు. తిట్టమంటే తిడతావని తెలుసు.” అటే చూస్తూ, “దానికి తాళమేమీ వేయలేదు. నా ఫోన్‌లో, ఆఫీసులో, మా ఆవిడ ఫోన్‌లో, అన్నిచోట్లా పెట్టాను. ఎవడైనా ఎత్తుకుపోతే పోనీ అనుకున్నాను” అన్నాడు. బషీర్‌బాగ్ సిగ్నల్ పడి ఆటో ఆగింది. నేను పలక మీద ‘తే’ అని ఒక్క అక్షరం రాసి వాడి మొహం ముందు పెట్టాను.

ఆ అమ్మాయి దానితోనే నా గొంతు తయారుచేసింది. కోపంలో అన్న మాటలు తప్ప దానికి నేర్చుకోవడానికి ఇంకేం లేవు. మొదటిరోజు ‘మంచినీళ్లు’ అని టైపు చేశాను. టాబ్లెట్ గరగరలాడుతూ కసిరింది. తమ్ముడి భార్య వంటింట్లోంచి బిందె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కూరగాయల బండి ఆయన్ను ధర అడిగితే, అడక్కుండానే తగ్గించాడు. దేవుడి ముందు శ్లోకం టైపు చేస్తే దేవుణ్ణి నిలదీస్తున్నట్టు వచ్చింది. నవ్వొచ్చేది. ఆ వెంటనే దుఃఖం వచ్చేది, అభిమానం చంపుకుని ఒక్క గంట మెత్తగా చదివి ఉంటే అని.

మళ్లీ నాంపల్లికి వెళ్లాం. డబ్బా ఇంకా ఆ మూలే ఉంది, కొత్తది పక్కన పెట్టారు. తమ్ముడు ఆదివారాలు వచ్చి పాతదాని ముందు కాసేపు కూర్చుంటూనే ఉన్నాడు, పట్టు వదలడు. ఆ రోజూ వెళ్లగానే దాని ముందు చతికిలపడ్డాడు. నేను గుమ్మంలోంచే, “సార్, వచ్చాను” అని నొక్కాను.

సార్ కుర్చీలోంచి లేచారు. “టీచరమ్మా! వచ్చిన్రా!” చేతులు చాపి గాలిలో నన్ను వెతుక్కుంటూ రెండడుగులు ముందుకొచ్చారు. “ఔ, గిదే. గిదే మీ గొంతు. దుకాణం కింద నిలబడి మాట్లాడినా పట్టుకుంట.” తర్వాత తల కొంచెం పక్కకు వంచి విన్నట్టుగా ఆగి, “గాని అమ్మా, ఎవరి మీద గింత కోపం?” అన్నారు.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు ఆ డబ్బా తెర మీద వాక్యాన్ని చూస్తున్నట్టు నటిస్తున్నాడు. వాడి పక్కకు వెళ్లి నేల మీద కూర్చున్నాను. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట టైపు చేసి నొక్కాను.

“నీ తప్పేం లేదురా.”

గదంతా అదిరేటట్టు వచ్చింది. గొంతు చీల్చుకుని, వేలు చూపించి అన్నట్టు వచ్చింది. వాడు ఆ రోజులాగే తల వంచుకున్నాడు. అలా కాదని మళ్లీ నొక్కాను. మళ్లీ అలాగే వచ్చింది. మెత్తగా వస్తుందేమోనని ముందు ‘నాన్నా’ అని చేర్చాను, చివర ‘పోనీలే’ అని పెట్టాను. ఎన్ని మాటలు చేర్చినా అది తిడుతూనే ఉంది.

తమ్ముడు చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, “ఇంకా అనక్కా” అన్నాడు.